ఏడున్నర కిలోలు

ఈనక్ బ్రిండ్లీ బల్ల మీద మూడు చక్రాలు పరిచి
ముందు ఎత్తి చూడమన్నాడు.
ధరలు తర్వాత, అన్నాడు.

మొదటిది నా ట్రయంఫ్ లోంచి దించినదే.
అరవై ఏళ్ళ పోత ఇనుము, పదమూడు కిలోలు.
పళ్ళ అంచున నల్లటి జిడ్డు, ముఖం మీద నీలి మచ్చలు:
ఎవరో క్లచ్ మీద కాలు ఆనించే నడిపిన
ఏదో ఎండాకాలం కమిలిన గుర్తులు.
రెండోది అల్యూమినియం. నాలుగున్నర.
అన్నం కంచంలా ఒంటిచేత్తో లేచొచ్చింది. నాకు నవ్వొచ్చింది.
మూడోది ఉక్కు. దాన్ని నేనప్పుడు పట్టించుకోలేదు.

"ఇదే కావాలి," అన్నాను, అల్యూమినియం మీద చెయ్యేసి.
లైనర్లు పెద్దవి చేయించాను, కామ్‌షాఫ్ట్ మార్పించాను,
జంట కార్బురేటర్లు పెట్టించాను.
ఇన్ని చేసి చక్రం దగ్గర పీనాసితనమా?

ఈనక్ ఔననలేదు, కాదనలేదు.
టీలో చెంచా తిప్పుతూ అడిగాడు:
రేసు ఏడాదికెన్నిసార్లు?
ఒకసారి. ఆగస్టులో. వాన పడకపోతే.
మిగతా రోజులు?
బర్స్లెమ్ సిగ్నళ్ళు. మట్టి బస్తాలు.
మౌ కాప్ కొండ మీద చెల్లెలి ఇల్లు.
ఆ ఎత్తులో ముందు ఎవరైనా ఆగితే?

నేను కుమ్మరిని.
ముప్పై నాలుగేళ్ళు కాలితో తన్నే సారె మీద బతికాను.
అడుగున కాంక్రీటు చక్రం, ఇంచుమించు నా బరువు.
ఒకసారి తన్ని వదిలితే
కూజా మెడ లాగేంతసేపూ
పాదం చెప్పిన మాట అది మరిచేది కాదు.
మోకాలు అరిగాక కరెంటు సారె కొన్నాను. మంచిదే.
స్విచ్ తీయగానే ఆగిపోతుంది,
నేనెవరో తెలియనట్టు.

అల్యూమినియం మీంచి చెయ్యి తీశాను.
"పోనీ, పాతదాన్నే చెక్కి తేలిక చెయ్యరాదూ?"
ఈనక్ గోడకేసి చూపించాడు.
ఇటుకల మధ్య సిమెంటు పూసిన కంత, జానెడు.
"డెబ్బై తొమ్మిది. చెక్కిన పోత ఇనుము.
ఇంజను ఆరువేల అయిదొందలు తిరుగుతుంటే పగిలింది.
మా నాన్న టీకి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది."

ఇక క్లచ్.
రేసువాళ్ళ సిరామిక్ ప్లేటుకి రెండే మాటలొచ్చు:
ఊఁ, ఊహూఁ.
సిగ్నల్ మారితే బండి కప్పలా గెంతుతుంది.
ఆ పెడల్ తొక్కడానికి కాలు చాలదు, కక్ష ఉండాలి.
డయాఫ్రం స్ప్రింగుతో వచ్చే మామూలు ప్లేటుకైతే
కాస్త, ఇంకాస్త, ఉండు, ఇక పద,
ఇవన్నీ వచ్చు.
నా ఎడమ మోకాలికి అర్థమయ్యే యాస అది.

"గేర్‌బాక్స్ ఎలాగూ దించాంగా,
రిలీజ్ బేరింగూ మార్చేద్దాం, హెస్టర్.
ఆ చవక ముక్క కోసం మళ్ళీ దించమంటే
నా నడుం నిన్ను క్షమించదు."

ఉక్కుదే. ఏడున్నర.
బాలెన్సు చేస్తూ అంచున మూడు చోట్ల
కందిగింజంత గుంటలు తొలిచాడు.
ఆ రజను నా చొక్కా జేబులో ఇంకా ఉంది.

మొన్న ఆదివారం, మౌ కాప్.
నిటారు మలుపులో, రోడ్డుకి అడ్డంగా
పరుపు మోస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు.
ఆగాను. అద్దంలో
కింది ఊరంతా నా వెనకే వేలాడుతోంది.
హ్యాండ్‌బ్రేక్. పెడల్.
మొదటిసారి ఇంజను ఆగిపోయింది, అబద్ధమెందుకు.
రెండోసారి, కాస్త. ఇంకాస్త.
తడిమట్టి ముద్ద తూగడం మానేసి
సరిగ్గా నడిమికి కుదిరినప్పుడు
అరచేతులకి తెలుస్తుందే, అది
ఈసారి అరికాలికి తెలిసింది.
కుర్రాళ్ళు పరుపు చాటునుంచి చెయ్యూపారు.

పాత చక్రాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.
బట్టీ గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.
చీకట్లో దాటుతుంటే బొటనవేలికి తగులుతుంది.
అది కదలదు.
నేనే తిట్టుకుంటూ కుంటుతాను.